పెట్టెలో మనిషి, మనిషి వెనక యంత్రం

పిల్లలూ, ఈ నెల మీకొక చిత్రమైన పెట్టె సంగతి చెబుతాను.

1770లో వియన్నా నగరంలో, మరియా థెరెసా మహారాణి కొలువులో, వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే ఉద్యోగి ఒక యంత్రాన్ని ప్రదర్శించాడు. అదొక పెద్ద కొయ్యపెట్టె. దాని వెనక తలపాగా చుట్టుకుని, తురుష్కుడి వేషంలో, నిలువెత్తు బొమ్మ కూచుని ఉంది. పెట్టె మీద చదరంగం బల్ల ఉంది. కెంపెలెన్ పెట్టె తలుపులు ఒకదాని తరవాత ఒకటి తెరిచి, కొవ్వొత్తి పట్టి లోపల ఏమున్నదీ అందరికీ చూపించాడు. పళ్ళచక్రాలూ, కడ్డీలూ తప్ప మరేమీ కనిపించలేదు. తరవాత తలుపులన్నీ మూసి, గడియారానికి ఇచ్చినట్టు కీ ఇచ్చాడు. లోపల చక్రాలు కిర్రుమన్నాయి. బొమ్మ తల తిప్పింది, ఎడమచెయ్యి సాచింది, బంటును పట్టుకుని ముందుకు జరిపింది!

అందరూ నోళ్ళు తెరిచారు. ఆ బొమ్మ ఉత్తినే పావులు జరపటం కాదు, చాలామందిని ఓడించింది కూడా. అది యూరపు అంతా తిరిగింది. 1783లో పారిస్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దానితో ఆడాడు. 1809లో నెపోలియన్ చక్రవర్తి ఆడాడు. నెపోలియన్ కావాలని ఒక తప్పుడు ఎత్తు వేశాడనీ, బొమ్మ ఆ పావును తీసి మళ్ళీ యథాస్థానంలో పెట్టిందనీ, ఆయన మళ్ళీ అదే పని చేస్తే పావును బల్ల మీది నుంచే తీసేసిందనీ, మూడోసారి కోపం వచ్చినట్టుగా పావులన్నిటినీ చేత్తో తోసి పారేసిందనీ చెబుతారు. యంత్రాన్ని మోసం చేద్దామని చక్రవర్తి చూశాడు. తనను మోసం చేస్తున్నది ఆ యంత్రమేనని ఆయన ఎరగడు!

అసలు సంగతి మీలో కొందరు ఈపాటికే ఊహించి ఉంటారు. పెట్టెలో మనిషి ఉన్నాడు. అతను చదరంగంలో గట్టివాడు. జరిగే పీట మీద కూచుని, ఒక తలుపు తెరిచినప్పుడు రెండో పక్కకు జరిగేవాడు. పావుల అడుగున అయస్కాంతాలు ఉండేవి. అంచేత ఏ గడిలో పావు కదిలినదీ అతనికి కింద నుంచే తెలిసేది. లోపల అతనికొక చిన్న కొవ్వొత్తి. దాని పొగ ఎవరూ పసికట్టకుండా పెట్టె మీద కూడా కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. ఆ తురుష్కుడి బొమ్మ చివరకు అమెరికా చేరి, 1854లో ఫిలడెల్ఫియా నగరంలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఆ రోజుల్లో మోసం ఏమంటే, యంత్రం ఆడుతున్నదని చెప్పి, లోపల మనిషి ఆడటం. ఈ రోజుల్లో మోసం సరిగా తలకిందులైంది. మనిషి ఆడుతున్నాడని చెప్పి, వెనక యంత్రం ఆడుతున్నది.

యంత్రం నిజంగానే చదరంగం ఎట్లా నేర్చిందో ముందు చూద్దాం. ఆట మొదట్లో తెల్ల పావులవాడు 20 రకాల ఎత్తులు వేయవచ్చు. నల్ల పావులవాడు కూడా 20 వేయవచ్చు. అంటే ఇద్దరూ చెరొక ఎత్తూ వేసేసరికి ఆట 400 దారుల్లో నడవవచ్చు. మూడో ఎత్తు కాగానే ఆ దారులు 8,902 అవుతాయి. నాలుగోది కాగానే 1,97,281! మనిషి వీటన్నిటినీ చూడడు, చూడలేడు. అనుభవం ఉన్నవాడు రెండు మూడు మంచి దారులు ఏరుకుని, వాటి వెంటే ఆలోచిస్తాడు. కంప్యూటర్‌కు అలుపు లేదు గనక అది లెక్కకు మిక్కిలి దారులు చూసి, ప్రతి దారి చివరా ఎవరి బలం ఎంత ఉన్నదో అంచనా వేసి, అన్నిటిలోకీ మంచిదాన్ని ఎంచుకుంటుంది.

1996లో ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌తో ఆరు ఆటలు ఆడి ఓడిపోయింది. మరుసటి ఏడు, 1997 మే నెలలో, న్యూయార్క్‌లో మళ్ళీ ఆరు ఆటలు ఆడి, మూడున్నర పాయింట్లతో గెలిచింది. అది సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు పరిశీలించగలిగేది. తమాషా ఏమంటే, రెండో ఆటలో అది వేసిన కొన్ని ఎత్తులు చూసి, వెనక ఎవరో మనిషి సహాయం చేస్తున్నాడని కాస్పరోవ్ అనుమానించాడు! ఐ.బి.ఎం. వారు అదేమీ లేదన్నారు. తురుష్కుడి పెట్టె కాలిపోయి నూట నలభై ఏళ్ళు దాటినా ఆ అనుమానం మాత్రం పోలేదన్నమాట.

డీప్ బ్లూ రెండు పెద్ద బీరువాలంత ఉండేది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మామూలు ఫోనులో స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాం ఉచితంగా పెట్టుకోవచ్చు. అది ప్రపంచ విజేతనైనా సునాయాసంగా ఓడిస్తుంది. మన పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెబితే చాలు, కన్ను మూసి తెరిచేలోగా మంచి ఎత్తు చెబుతుంది. దొంగబుద్ధి పుట్టినవాడికి ఇంతకంటె ఏం కావాలి?

ఎదురుబొదురుగా కూచుని ఆడే పందాల్లోనే కొందరు ఈ పనికి ఒడిగట్టారు. 2006లో ఢిల్లీలో ఒక ఆటగాడు తలకు పెట్టుకున్న టోపీలో బ్లూటూత్ పరికరం కుట్టించుకుని, బయటివాళ్ళు చెప్పిన ఎత్తులు వేస్తూ పట్టుబడ్డాడు. పదేళ్ళపాటు ఆడరాదని అతన్ని నిషేధించారు. 2010లో రష్యాలో చదరంగ ఒలింపియాడ్ జరిగినప్పుడు ఫ్రెంచి జట్టులో జరిగిన తంతు ఇంకా విచిత్రమైనది. ఫ్రాన్స్‌లో ఒకడు ఇంట్లో కూచుని కంప్యూటర్‌తో ఎత్తులు కనిపెట్టి, చూడటానికి ఫోను నంబర్లలాగా ఉండే సందేశాలు పంపేవాడు. వాటిని అందుకున్న శిక్షకుడు ఆట జరిగే హాల్లో ఫలానా బల్ల వెనక, ఆ తరవాత ఫలానా బల్ల వెనక నిలబడేవాడు. ఒక్కొక్క బల్లా ఒక్కొక్క గుర్తు. కుర్రవాడు ఓరగా చూసి పావు జరిపేవాడు. ఇంత తెలివిని చదరంగం మీదే పెట్టి ఉంటే ఆ ముగ్గురూ ఎంతో బాగుపడేవాళ్ళని నాకనిపిస్తుంది. ఆఖరుకు సందేశాలు బయటపడి, ముగ్గురికీ శిక్షలు పడ్డాయి.

ఆన్‌లైన్ ఆటకు టోపీ కుట్టించుకునే శ్రమ కూడా లేదు. ఆడేవాడు తన గదిలో ఒక్కడే ఉంటాడు. ముందు ఆట, పక్కన ఫోను. 2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో చిక్కుపడినప్పుడు కోట్లమంది ఆన్‌లైన్‌లో చదరంగం ఆడసాగారు. దానితోపాటే ఈ మోసమూ పెరిగింది. 2021 జూన్‌లో కరోనా బాధితుల సహాయం కోసం డబ్బు పోగుచేయటానికి మన విశ్వనాథన్ ఆనంద్ కొందరు ప్రముఖులతో ఆన్‌లైన్‌లో ఒకేసారి ఆడాడు. ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆనంద్‌ను అందులో ఒక యువ వ్యాపారి ఓడించాడు! మర్నాడే అతను, కంప్యూటర్ సహాయమూ, తెలిసినవాళ్ళ సహాయమూ తీసుకున్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. సరదాకే చేశానన్నాడు. బల్ల మీద ఉన్న స్థితిని బట్టి తాను ఆడాననీ, అందరూ అట్లాగే ఆడతారనుకున్నాననీ ఆనంద్ ఊరుకున్నాడు.

“ఒక్క ఎత్తే గదా! ఎవరు చూడొచ్చారు?” అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఒక్క ఎత్తు తరవాత ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఆన్‌లైన్‌లో ప్రతి ఆటగాడికీ రేటింగ్ అని ఒక అంకె ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. మీ అంకె ఎంతో, దాదాపు అంతే అంకె ఉన్నవాణ్ణి మీకు జోడీగా తెస్తారు. అందుకే మామూలు ఆటగాడు సుమారు సగం ఆటలు గెలుస్తాడు, సగం ఓడుతాడు. అదే ఆటలోని మజా.

రాము అనే కుర్రవాడి అసలు బలం 900 అనుకోండి. ఫోను చెప్పిన ఎత్తులు వేసి అతను 1,500 చేరుకున్నాడు. ఇక రేపటి నుంచి అతనికి జోడీగా వచ్చేవాళ్ళంతా నిజంగా 1,500 బలం ఉన్నవాళ్ళే. సొంత బుద్ధితో ఆడితే వాళ్ళు అతన్ని ఉతికి ఆరేస్తారు. వరసగా ఓడిపోయి 900కు దిగిరావాలి, లేదా మళ్ళీ ఫోను తీయాలి. మొదట అతను అక్కరకు ఫోను వాడుకున్నాడు. ఇప్పుడు ఫోను లేకుండా ఆడే వీలే లేదు. ఈలోగా అతనికి చదరంగం ఏమన్నా వచ్చిందా అంటే, ఒక్క ముక్క రాలేదు. ఎత్తులన్నీ ఫోను ఆలోచించింది. రాము చేసిందల్లా పావులు జరపటమే. తురుష్కుడి బొమ్మ చేసిన పని కూడా సరిగ్గా అదే.

దొంగ ఎట్లా దొరుకుతాడు? చెస్.కామ్ వంటి సంస్థలు ఇందుకోసం ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టి, ప్రతి నెలా వేల ఖాతాలు మూసేస్తున్నాయి. వాళ్ళు మొదట చూసేది, ఆటగాడి ఎత్తులు యంత్రం ఎత్తులతో ఎంతవరకు కలుస్తున్నాయా అన్నది. కాని ఇందులో జాగ్రత్త కావాలి. అవతలివాడు మీ మంత్రిని చంపితే, తిరిగి అతని మంత్రిని చంపటానికి యంత్రం అక్కర్లేదు. మీరూ అదే వేస్తారు, నేనూ అదే వేస్తాను. అంచేత తేలికైన ఎత్తులు వదిలేసి, గట్టివాళ్ళు కూడా తడబడే చోట్లే చూడాలి. అక్కడ కూడా ప్రతిసారీ యంత్రం మాటే వేస్తుంటే అనుమానించవలసిందే.

రెండో గుర్తు కాలం. మామూలు మనిషి తేలిక ఎత్తు సెకనులో వేసి, చిక్కు వచ్చినప్పుడు తల గోక్కుంటూ మూడు నిమిషాలు కూచుంటాడు. ఫోను చూసి ఆడేవాడికి తేలికదీ కష్టమైనదీ అని భేదం లేదు. ఫోనులో చూడటానికి పట్టే ఏడెనిమిది సెకన్లే ప్రతి ఎత్తుకూ పడతాయి. చాలామంది కుర్రవాళ్ళు ఇక్కడే చిక్కుతారు. అయితే అందరూ ఇంత అమాయకులు కారు. బాగా ఆడగలవాడు ఆట మొత్తంలో కీలకమైన చోట ఒక్కసారి చూసుకున్నా చాలు, గెలుస్తాడు. అట్లాంటివాణ్ణి పట్టుకోవటం చాలా కష్టం.

అమెరికాలో బఫలో విశ్వవిద్యాలయంలో కెనెత్ రీగన్ అనే ఆచార్యుడున్నాడు. ఆయన స్వయంగా ఇంటర్నేషనల్ మాస్టర్. ఫలానా బలం ఉన్న ఆటగాడు యంత్రంతో ఎంతవరకు ఏకీభవించటం సహజమో, ఎంత దాటితే అసహజమో గణితంతో తేల్చే పద్ధతి ఆయన తయారుచేశాడు. ఈ లెక్కలో ఒక మెలిక ఉన్నది. మీరు నాణెం ఎగరేస్తే వరసగా పదిసార్లు బొమ్మే పడటం 1,024లో ఒక వంతు మాత్రమే సాధ్యం. మీ తమ్ముడు మొదటిసారే అట్లా పడేస్తే నాణెంలో ఏదో కిటుకు ఉన్నదంటారు. కాని మీ బడిలో వెయ్యిమంది పిల్లలూ ఒకేసారి నాణేలు ఎగరేశారనుకోండి. ఎవరో ఒకరికి పదీ బొమ్మలే పడటంలో వింత ఏముంది? ఆ పిల్ల ఏ కిటుకూ చేయలేదు. అట్లాగే, నిజాయితీగా ఆడేవాళ్ళు పదివేలమంది ఉంటే, వెయ్యికి ఒక్కరికి కలిగే అదృష్టం వాళ్ళలో పదిమందికి కలుగుతుంది. ఆ పదిమందినీ దొంగలని తరిమేస్తే ఎంత అన్యాయం! అందుకే ఒక్క మంచి ఆట చూసి ఎవరినీ నిర్ణయించకూడదు. అనేక ఆటలు చూడాలి, మరో సాక్ష్యం కావాలి.

ఈ అన్యాయం భయం ఉత్తది కాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలో సెయింట్ లూయిస్ పందెంలో, అప్పటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్‌ను హాన్స్ నీమన్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఎదటనే కూచుని ఓడించాడు. మర్నాడే కార్ల్‌సన్ పందెం నుంచి తప్పుకున్నాడు. నీమన్ మోసం చేశాడని తరవాత ఆరోపించాడు. పన్నెండో ఏటా, పదహారో ఏటా ఆన్‌లైన్‌లో మోసం చేశాననీ, ఎదురుగా కూచుని ఆడిన ఆటల్లో ఎన్నడూ చేయలేదనీ నీమన్ చెప్పాడు. ఆన్‌లైన్‌లో నూరు ఆటలకు పైగా చేసి ఉంటాడని చెస్.కామ్ నివేదిక అన్నది. ఎదురుగా ఆడిన ఆటల్లో మాత్రం రుజువు దొరకలేదు. కోర్టులదాకా వెళ్ళి, 2023 ఆగస్టులో రాజీ కుదిరింది. సరైన కారణం లేకుండా పందెం వదిలి వెళ్ళినందుకు ఆ డిసెంబరులో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసింది.

చూశారా? చిన్నతనంలో గదిలో ఎవరూ చూడకుండా చేసిన పని, పెద్దయి ప్రపంచ విజేతను ఓడించిన రోజున అడ్డం వచ్చింది. ఆ గెలుపు నిజాయితీదే అయినా నమ్మేవాళ్ళు కరువయ్యారు. నన్నడిగితే, ఈ మోసంలో ఎక్కువ నష్టం ఆ ఆటలో ఓడినవాడికి కాదు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక పిల్ల గంటసేపు ఆలోచించి, ఏనుగును బలిపెట్టి, అద్భుతంగా ఆట కట్టేస్తుంది. “భలే!” అనవలసిన అవతలివాడు, “ఫోను చూశావా?” అంటాడు. ఆ పిల్ల ఎన్నడూ ఫోను ముట్టలేదు. ఆమెకు రావలసిన “భలే”ను దొంగిలించినది, ఆమె మొహం కూడా ఎరగని ఎవడో రాము.

అంచేత పెద్ద పందాల్లో ఆటగాళ్ళే తమను ఎవరన్నా కనిపెట్టి చూడాలని కోరుకుంటున్నారు. 2020లో ఒలింపియాడ్ ఆన్‌లైన్‌లో జరిగింది. ఎవరి ఊళ్ళో వాళ్ళు కెమెరాల ముందు కూచుని ఆడారు. సెమీఫైనల్స్‌లో మన జట్టు పోలెండ్‌తో సమానంగా నిలిస్తే, చిట్టచివరి ఆట ఆడి గెలిపించినది మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి. ఫైనల్సులో ఇంటర్నెట్ తెగిపోయి మనవాళ్ళిద్దరు ఆట మధ్యలో చిక్కుకుపోగా, భారత్‌నూ రష్యానూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు.

మరి యంత్రాన్ని ముట్టుకోనే కూడదా? అదేమీ కాదు. ఈ రోజున గొప్ప ఆటగాళ్ళందరూ దానితో సాధన చేస్తారు. వరంగల్లులో పుట్టి, 2024లో 2,800 రేటింగ్ అందుకున్న అర్జున్ ఎరిగైసి తరంవాళ్ళు యంత్రాలతోపాటే పెరిగారు. వాళ్ళు ఆటకు ముందు దాన్ని అడుగుతారు, ఆట అయినాక అడుగుతారు. ఆట మధ్యలో అడగరు. మీరు కూడా ఇట్లా చేసి చూడండి. ఆట అయిపోగానే ఎత్తులన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. ఎక్కడ పొరపాటు పడ్డానని మీకు తోస్తుందో అక్కడ పెన్సిలుతో గీత గీయండి. ఆ తరవాతే యంత్రాన్ని అడగండి. మీరు గీత గీసిన చోటే అదీ తప్పు చూపిస్తే మీకు ఆట పట్టుబడుతున్నదన్నమాట. వేరేచోట చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకో తెలుసుకోవటానికి ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఈ నాలుగు మాటలు అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి. అయ్యా, అమ్మా, పిల్లవాడు బడి నుంచి రాగానే “రేటింగ్ ఎంతయింది?” అని అడగకండి. చుట్టాలు వచ్చినప్పుడు ఆ అంకె చూపించి మురిసిపోకండి. “ఇవాళ ఏ ఆట ఓడావు? ఎట్లా ఓడావు?” అని అడిగి చూడండి. ఓడిన ఆటను ఇంట్లో చెప్పుకోగలిగిన పిల్లవాడు ఫోను చాటుకు వెళ్ళడు.

ఇక ఈ నెల లెక్క. మొదటి ఎత్తుకు 20 దారులన్నాను. ఏయే పావులు ఎన్నెన్ని ఎత్తులు వేస్తే 20 వస్తాయి? రెండు ఎత్తులకు 400 దారులు. మూడో ఎత్తుకు 400ను 20తో హెచ్చవేస్తే 8,000 రావాలి. కాని నేను 8,902 అని వ్రాశాను. అచ్చుతప్పు కాదు సుమా! ఆ ఎక్కువ 902 ఎక్కణ్ణించి వచ్చిందో బల్ల ముందు పెట్టుకుని, తెల్ల బంటును ఒకదాన్ని జరిపి, దాని వెనక ఉన్న శకటునూ మంత్రినీ చూస్తూ ఆలోచించండి. జవాబు వచ్చే సంచికలో ఇస్తాను. ఈలోగా ఫోనును అడగకండేం!